ఆ చప్పట్లు నాకొద్దు

ఒక చెయ్యి సరిగా పనిచేయని మనిషి పేకముక్కల గారడీ చేస్తే జనం నోట రెండు మాటలే వినపడతాయి. మొదలుపెట్టక ముందు, "ఎలా చేస్తాడో పాపం." అయిపోయాక, "ఒంటిచేత్తో ఎంత బాగా చేశాడో!" ఈ రెండు మాటల మధ్య జరిగిన గారడీ ఏమిటో ఎవరికీ గుర్తుండదు. ఏ ముక్క మాయమైంది, ఎక్కడ తేలింది, దాని మీద సంతకం పెట్టింది ఎవరు అని అడిగి చూడండి. చెప్పలేరు. ముక్క వైపు చూసి ఉంటే కదా చెప్పడానికి! ప్రదర్శన మొత్తం వాళ్ల కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. చూడని ముక్కకి కొట్టిన చప్పట్లు నాకొద్దు. మంచితనం పేరుతో వచ్చే ఆ చప్పట్లే మా కళ గొంతు నులుముతున్నాయి.

నాది పూర్తిగా పోయిన చెయ్యి కాదు. కుడిచెయ్యి ఉంది, పట్టు లేదు. బొటనవేలికీ అరచేతి అంచుకీ మధ్య ఒక ముక్కని ఆపగలను. టేబుల్ మీదున్న కట్టని కదలకుండా అదిమి పట్టగలను. అంతే. ముక్కల్ని విసనకర్రలా పరవలేను, పంచలేను, మణికట్టు తిప్పలేను. ఇలాంటి సగం చేతులు మన ఊళ్లలో లెక్కలేనన్ని. పక్షవాతం వచ్చి తగ్గాక మిగిలినవి, మోటారుసైకిలు మీంచి పడితే మెడ దగ్గర నరాలు తెగి వేలాడేవి, ఫ్యాక్టరీ యంత్రంలో నలిగినవి. ఈ దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది గానీ, అంతకుముందు దాని బారిన పడ్డవాళ్లు ఇంకా మన మధ్యే ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు, పేకాడుతున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం వైకల్యం అనే గీత గీసి, అటువాళ్లకి రిజర్వేషన్లు ఇచ్చి ఇటువాళ్లని పంపేస్తుంది. ఉద్యోగానికి ఏదో ఒక గీత కావాలేమో, దానిమీద నాకు తగువు లేదు. కానీ వైకల్యానికి ఇచ్చే కాగితం మీద వేసే శాతానికి ఆ చెయ్యి ఏ పని చేయగలదో తెలియదు. ఆఠీను రాణిని ఒక అంచు నొక్కి రెండో అంచు ఎలా లేపాలో ఆ కాగితంలో ఉండదు. అది మేమే కనుక్కోవాలి. నేర్పాల్సిన వాళ్లు నేర్పరు కాబట్టి.

నా కోపం ముందు నేర్పేవాళ్ల మీదే. ఒక గారడీ శిక్షకుడి దగ్గరికి నేను వెళ్తే, నా చెయ్యి చూసి, "పేక వద్దు బాబూ, నువ్వు తాడు గారడీలు చెయ్యి, లేదా మాటలతో చేసే మైండ్ రీడింగ్ నేర్చుకో" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆయనకి తెలిసిన పేక విద్య అంతా రెండు చేతులతో మొదలై రెండు చేతులతో ముగుస్తుంది. ఎడమచేతిలో కట్ట, కుడిచేత్తో కట్ చేయడం, కుడిచేత్తో పంచడం. పాఠం మొదటి రోజే నాలాంటివాణ్ణి గుమ్మం బయట నిలబెడుతుంది. గురువుగారూ, ఆ మొదటి పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో మీరెప్పుడైనా ఆలోచించారా?

జూదం బల్ల నుంచి వచ్చింది. పేక విద్యకి వేదంలా చూసే పుస్తకం, ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేజ్ అనే మారుపేరుతో 1902లో అమెరికాలో అచ్చయిన "ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్". అందులో చాలా భాగం జూదంలో మోసం చేసే పద్ధతులే, వినోదం కోసం చేసే గారడీలు తర్వాత వస్తాయి. జూదంలో మోసం చేసేవాడికి ఒకే ఒక్క నియమం: పక్కవాడిలాగే కనపడాలి. పక్కవాడు రెండు చేతులతో కలిపితే తనూ అలాగే కలపాలి, పక్కవాడు పంచినట్టే పంచాలి. కాస్త తేడాగా కదిలితే కత్తో తుపాకో బయటికొస్తుంది. వాళ్ల ప్రాణభయంలో పుట్టిన భంగిమలవి. గారడీ చేసేవాడికి ఆ భయం లేదు. నేను మాయ చేయబోతున్నానని ముందే చెప్పి కూర్చుంటాను. పక్కవాడిలా కనపడాల్సిన అవసరం నాకేమిటి? నూటపాతికేళ్ల కిందటి జూదరి భయాన్ని నియమంగా మార్చి, ఆ నియమం పాటించలేని పిల్లల్ని వెనక్కి పంపుతున్నారు. దీన్ని శాస్త్రం అంటే నేను ఒప్పుకోను.

మన పెద్దలు ఈ విషయంలో ఎక్కువ తెలివిగా ఉన్నారు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో ఇంద్రజాలం ఒకటి, హస్తలాఘవం మరొకటి. రెంటినీ విడివిడిగా లెక్కపెట్టారు. చేతి చురుకుదనమే ఇంద్రజాలమైతే రెండు లెక్కలెందుకు?

ఇంకో అన్యాయం చూడండి. ఒక్క చేత్తో కట్టని రెండుగా చీల్చి కింది సగాన్ని పైకి తెచ్చే పద్ధతి ఒకటుంది. చార్లియర్ పాస్ అంటారు, 19వ శతాబ్దం నుంచీ ఉంది. కట్టని వేళ్ల కొసల మీద నిలబెట్టి, బొటనవేలు సడలించి కింది సగాన్ని అరచేతిలోకి జారనిచ్చి, చూపుడువేలితో దాన్ని పైకి తోస్తారు. పై సగం కిందికి వస్తుంది. రెండు చేతులూ బాగున్న కుర్రాడు దీన్ని చేసి వీడియో తీస్తే "అబ్బ, ఏం నైపుణ్యం!" అంటారు. వాడి రెండో చెయ్యి జేబులో ఉన్నా, నడుం మీద ఉన్నా ఎవరికీ పట్టదు. అదే కట్, అదే వేళ్ల కదలిక, నేను చేస్తే మాత్రం కళ్లు చెమ్మగిల్లుతాయి. వాడిది విద్య, నాది విషాదమా? ముక్కల కదలికలో వెంట్రుకవాసి తేడా లేదు. తేడా అంతా చూసేవాడి బుర్రలో ఉంది. ఆ బుర్రని సరిచేయాల్సిన బాధ్యత చూసేవాడిదే. నేను ప్రతి ప్రదర్శనలోనూ నవ్వుతూ, ఓర్చుకుంటూ, ఉపన్యాసం ఇస్తూ వాళ్లకి చదువు చెప్పలేను.

ఇక అర్జెంటీనా వైపు వస్తాను. అక్కడి పేక గారడీవాడు రెనె లావాండ్ పేరు మన గారడీ వాళ్లలో చాలామంది విన్నారు, ఆయన్నుంచి నేర్చుకున్నవాళ్లు తక్కువ. 1928లో పుట్టాడు. చిన్నప్పుడే ఒక ఇంద్రజాలికుడి ప్రదర్శన చూసి మనసు పారేసుకున్నాడు. తొమ్మిదేళ్లప్పుడు కారు ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. కుడివాటం పిల్లవాడు, ఎడమచేత్తో మళ్లీ అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. పుస్తకాలన్నీ రెండు చేతుల వాళ్లకి రాసినవి. ఒక్క పాఠం కూడా ఉన్నదున్నట్టు అతనికి పనికిరాలేదు. అడగడానికి మనిషి లేడు. తాండిల్ అనే ఊళ్లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ప్రతి కదలికనీ తనే కొత్తగా కట్టుకున్నాడు. ముప్పై దాటాక గానీ ఆ ఉద్యోగం వదిలి గారడీని వృత్తిగా చేసుకోలేదు. తర్వాత అమెరికాలో ఎడ్ సలివాన్ టీవీ షోలో కనిపించాడు, స్పెయిన్‌లో, లాటిన్ అమెరికా దేశాల్లో నీరాజనాలు అందుకున్నాడు. 2015 ఫిబ్రవరిలో, 86 ఏళ్ల వయసులో, ఆ తాండిల్‌లోనే పోయాడు.

ఆయన గారడీ చూసినవాళ్లు మర్చిపోలేనిది నూనె, నీళ్లు. మూడు ఎర్ర ముక్కలు, మూడు నల్ల ముక్కలు. ఒక ఎర్ర, ఒక నల్ల, ఒక ఎర్ర, ఒక నల్ల అంటూ కలిపి పెడతాడు. తిప్పి చూస్తే ఎర్రవన్నీ ఒకవైపు, నల్లవన్నీ ఒకవైపు విడిపోయి ఉంటాయి. ఈ గారడీ చాలామంది చేస్తారు, రెండు చేతులతో, టకటకా. లావాండ్ మిగిలిన కుడిచేతి మొండిని కోటు జేబులో పెట్టుకుని, ఆ ఒక్క ఎడమచేత్తో, నెమ్మదిగా చేశాడు. మళ్లీ చేశాడు, ఇంకా నెమ్మదిగా. ఇంతకంటే నెమ్మదిగా చేయడం కుదరదు అని స్పానిష్‌లో అంటాడు. అంటూనే మరింత నెమ్మదిగా చేస్తాడు. ఒక్కో ముక్క బల్ల మీద వాలడం మనం చూస్తాం. ఏ రంగో చూస్తాం. అయినా చివర్లో విడిపోయే ఉంటాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే పేక గారడీ చరిత్రలో ఇంత పెద్ద మలుపుని "ఒంటిచేతి వీరుడి కథ"గా కుదించేశారు. వేగంగా చేసే గారడీ చూసేవాడికి ఒక సాకు మిగులుస్తుంది. "ఏదో టక్కున చేసేశాడు, నా కన్ను పట్టుకోలేకపోయింది" అనుకుని ఇంటికి పోతాడు. రహస్యం ఏదైనా అది వేగంలో ఉందని సర్దుకుంటాడు. లావాండ్ ఆ సాకుని లాగేసుకున్నాడు. వేగం లేదు, రెండో చెయ్యి లేదు, అయినా అసాధ్యం జరిగింది. ఇప్పుడు ప్రేక్షకుడికి నిలబడటానికి చోటు లేదు. ఆశ్చర్యం అంటే అది. రెండు చేతుల వాళ్లు వందేళ్లుగా వేగాన్ని పూజిస్తూ చూడలేని దాన్ని, వేగం తన మార్గం కాదని తెలిసిన ఒక్క చెయ్యి చూసింది. అది ఆ చేతి లోపానికి చేసిన సర్దుబాటు అనడం పచ్చి అబద్ధం. అది అందరికీ పనికొచ్చే సిద్ధాంతం. రెండు చేతులున్న ప్రతి కుర్ర గారడీవాడూ మోకరిల్లి నేర్చుకోవాల్సిన సిద్ధాంతం.

దాన్ని మన పత్రికలు ఏమని రాస్తాయి? "వైకల్యాన్ని జయించిన విజేత." ఏం జయించాడండీ? ఆ చెయ్యి మళ్లీ మొలిచిందా? మిగిలిన మొండి చనిపోయే రోజు దాకా జేబులోనే ఉంది. ఆయన వైకల్యంతో యుద్ధం చేయలేదు, పేకతో పనిచేశాడు. సంగీత విద్వాంసుణ్ణి "దగ్గుని జయించి పాడాడు" అని మెచ్చుకోరు కదా, రాగం ఎలా పాడాడో రాస్తారు. మా గురించి రాసేటప్పుడు ముక్క ఎలా నడిచిందో రాయండి. రాయడానికి అంత చూపు లేకపోతే మా గురించి రాయకండి.

ఇప్పుడు మన ఇళ్లలో మాట. తెలుగు ప్రేక్షకుల ముందు కుడిచెయ్యి పట్టులేని వాడికి ఇంకో గోడ ఎదురవుతుంది, అది తాండిల్‌లో లావాండ్‌కి ఎదురై ఉండదు. నేను ముక్కని ఎడమచేత్తో అందిస్తాను. పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. "ఎడం చేత్తో ఇస్తావేంటి నాయనా, కుడిచేత్తో ఇవ్వు." తప్పుగా అనాలని కాదు, అలవాటు. ఎడమచేత్తో ఇస్తే అగౌరవం, ఎడమచేత్తో తీసుకుంటే అశుభం, తాంబూలం దగ్గర్నుంచి చిల్లర డబ్బుల దాకా. ఆ ఒక్క క్షణంలో గారడీ ఆగిపోతుంది, నా చెయ్యి సభ మధ్యలోకి వస్తుంది, నేను వివరణ ఇవ్వాలి, ఆవిడ నొచ్చుకుంటుంది, పక్కవాళ్లు "పాపం" అంటారు. అక్కడితో ప్రదర్శన చచ్చిపోతుంది. ఎంతమంది పిల్లలు, కుడిచెయ్యి సరిగా లేని పిల్లలు, ఈ ఒక్క కారణంతో నలుగురి ముందుకి రావడం మానేశారో! ఎడమచెయ్యి అశుభం అనే ఆచారాన్ని నేను గౌరవించను, గౌరవించమని నన్నడగొద్దు. ఒక మనిషికి ఉన్న ఒకే ఒక్క మంచి చేతిని మురికిదిగా చూసే ఆచారం ఏదైనా పోవాల్సిందే.

ఆచారం పోయేదాకా కళ ఆగదు, అందుకే నేను ముక్క అందించడం మానేశాను. టేబుల్ మీద కట్టని పరిచి "మీరే తీసుకోండమ్మా" అంటాను. అలా మొదలుపెట్టాక నాకు తెలిసింది, అదే మెరుగైన గారడీ అని. నేను తాకని ముక్క మీద ప్రేక్షకుడికి అనుమానం రాదు. కలిపేది వాళ్లే, కట్ చేసేది వాళ్లే, పంచేది వాళ్లే. పాల్ కరీ అనే అమెరికన్ 1942లో చేసిన "అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్" ఈ తరహాలో శిఖరం. ముక్కలు బోర్లా ఉంటాయి. ఏది ఎరుపో ఏది నలుపో ప్రేక్షకుడే ఊహించి రెండు వరసలుగా పెడుతూ పోతాడు. చివర్లో తిప్పితే ఎరుపంతా ఎరుపులో, నలుపంతా నలుపులో. ప్రేక్షకుడి చేతుల్లోనే జరిగిన మాయ అది. గారడీ చేసేవాడి చేతులు ఎన్ని అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. 1958లో నార్మన్ గిల్‌బ్రెత్ అనే గణితజ్ఞుడు చూపించిన సూత్రం కూడా అలాంటిదే. ఎరుపు, నలుపు ఒకటి విడిచి ఒకటిగా పేర్చిన కట్టని సరైన చోట రెండు భాగాలు చేసి, ఎవరితోనైనా ఒకదాంట్లోకి ఒకటి దూరేలా ఒకసారి కలిపించండి. పైనుంచి రెండేసి ముక్కలు తీస్తూ పోతే ప్రతి జతలో ఒక ఎరుపు, ఒక నలుపు ఉండి తీరుతుంది. కలిపిన చెయ్యి ఎవరిదైనా గణితం దాని పని అది చేస్తుంది. అంతెందుకు, మన ఇళ్లలో వేసవి సెలవుల్లో ప్రతి పిల్లా పిల్లవాడూ నేర్చుకునే 21 ముక్కల గారడీ ఉంది కదా, మూడు వరసలు, ఏడేసి ముక్కలు, "నీ ముక్క ఏ వరసలో ఉంది?" అని మూడుసార్లు అడిగి, పదకొండోది తీసి చూపించడం. దానికి ఒక్క చెయ్యి చాలు. ఈ దేశంలో అందరూ పేక గారడీని ఒంటిచేతి గారడీతోనే మొదలుపెడతారు. తర్వాతెప్పుడో రెండో చెయ్యి తప్పనిసరి అని ఎవరో చెప్తే నమ్మేస్తారు.

సగం చేతితో మొదలుపెట్టే వాళ్లకి ఎవరూ చెప్పని సంగతులు నేను చెప్తాను, ఎందుకంటే వీటి కోసం నేను వెతుక్కోవాల్సి వచ్చింది. నున్నటి గాజు టేబుల్ మీద, సన్‌మైకా బల్ల మీద ఒంటిచేత్తో ముక్క లేపడం నరకం. జారుతూ బల్ల చివరిదాకా పోతుంది. కింద దళసరి గుడ్డ పరవండి, మడతపెట్టిన దుప్పటైనా సరే. మెత్తదనంలోకి ఒక అంచు నొక్కితే రెండో అంచు తనే పైకి లేస్తుంది. గారడీవాళ్లు వాడే వెడల్పు ముక్క దాదాపు 63 మిల్లీమీటర్లు, బ్రిడ్జి ఆటకి వాడే సన్న ముక్క 57. ఆ ఆరు మిల్లీమీటర్లు ఒక్క చేతిలో కట్టని పట్టుకోవడానికి ఎంత తేడా తెస్తాయో పట్టుకుంటేనే తెలుస్తుంది. సన్నవి కొనండి. 52 ముక్కలూ చేతిలోకి తీసుకోవాల్సిన పని లేదు, సగం కట్ట పక్కన పెట్టండి. లావాండ్ ఆరు ముక్కలతో సభల్ని ఊపేశాడు. కలపాల్సి వస్తే అన్నింటినీ గుడ్డ మీద బోర్లా కుప్పపోసి అరచేత్తో కలియదిప్పండి, ఏ పద్ధతికీ తీసిపోనంత నిజాయితీగా కలుస్తాయి. ఇక ఆ పట్టులేని చేతిని దాచకండి, ప్రకటించకండి. దానికి ఒక పని ఇవ్వండి. నా కుడిచెయ్యి కట్ట మీద బరువులా కూర్చుంటుంది. అది కదలదని అందరికీ తెలుసు. తెలిసిన దాన్ని ఎవరూ అనుమానించరు. ఇంతకన్నా విడమరచి చెప్పను.

వైద్యం వైపు నుంచి ఒక మంచి పని జరిగింది, దాన్ని తక్కువ చేయను. అమెరికన్ ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 1982లో "ప్రాజెక్ట్ మ్యాజిక్" మొదలుపెట్టాడు, ఆసుపత్రుల్లో చికిత్సలో భాగంగా రోగులకి గారడీలు నేర్పించే ఏర్పాటు. లండన్‌లో ఒకవైపు శరీరం బలహీనమైన పిల్లలకి గారడీ నేర్పి రెండు చేతులూ కలిపి వాడేలా చేసే "బ్రీద్ మ్యాజిక్" శిబిరాలు నడిచాయి. మంచిదే. బొత్తాం పెట్టుకోవడం వస్తే మంచిదే. కానీ మన దగ్గర ఫిజియోథెరపీ గదిలో ఈ మాట ఎత్తినా, స్కూల్లో ఎత్తినా, పెద్దల ఆలోచన అక్కడే ఆగిపోతుంది. గారడీ అంటే పిల్లవాడి చేతికి వ్యాయామం, అంతే. వాడు కళాకారుడు అవుతాడేమో అన్న ఊహ ఎవరికీ రాదు. పిల్లవాడు ముక్కని మాయం చేస్తే, "వేళ్లు కదిలాయి చూడండి" అని అమ్మానాన్నలు మురిసిపోతారు. వాడు వేళ్లు చూపించడానికి చేయలేదు. ముక్క ఎక్కడికి పోయిందని మీరు అడుగుతారేమోనని ఆశగా చూస్తున్నాడు. అడగండి! "ఎక్కడికి పోయిందిరా?" అని అడగండి. మీ జీవితంలో మీరు వాడికి ఇవ్వగలిగిన గౌరవం అదే.

ఇదేదో ఈ కాలం సమస్య అనుకునేవాళ్లకి మథియాస్ బుకింగర్ పేరు చెప్తాను. 1674లో జర్మనీలోని ఆన్స్‌బాఖ్‌లో పుట్టాడు. చేతులు లేవు, మోకాళ్ల కింద కాళ్లు లేవు, ఎత్తు 74 సెంటీమీటర్లు. గిన్నెలు, బంతుల గారడీ చేశాడు, పేకతో చేశాడు, వాద్యాలు వాయించాడు, తన బొమ్మ తనే గీసుకుని ఆ జుట్టు పాయల్లో బైబిలు కీర్తనలు కంటికి ఆననంత సన్నటి అక్షరాలతో రాశాడు. మన కాలంలో కెనడాకి చెందిన మహ్దీ గిల్బర్ట్ పుట్టుకతో చేతులు లేనివాడు. పెన్, టెల్లర్ అనే ఇద్దరు గారడీవాళ్ల టీవీ కార్యక్రమంలో పేక గారడీ చేస్తే, దశాబ్దాల అనుభవం ఉన్న ఆ ఇద్దరూ కిటుకు చెప్పలేక ఓడిపోయారు. వాళ్లు జాలిపడి ఓడిపోలేదు. కిటుకు కనిపెట్టడానికి కళ్లు చించుకుని చూశారు. ఒక కళాకారుడికి తోటి కళాకారుడు ఇచ్చే మర్యాద అది. ఆ మర్యాదే మేమడుగుతున్నాం. మమ్మల్ని పట్టుకోవడానికి ప్రయత్నించండి. మా మోసం ఎక్కడుందో వెతకండి. దొరికితే మొహం మీద చెప్పండి. గారడీ బాగాలేకపోతే బాగాలేదనండి, ఆ చెయ్యి చూసి నోరు మూసుకోకండి. చెత్త గారడీకి చప్పట్లు కొట్టించుకున్న కుర్రాడు జీవితాంతం చెత్త గారడీయే చేస్తాడు, మీ దయవల్ల.

కార్యక్రమాలు పెట్టేవాళ్లకి నా మాట సూటిగా. ఏటా డిసెంబర్ 3 వస్తుంది, వికలాంగుల దినోత్సవం, ఫోను మోగుతుంది. శాలువా, మెమెంటో, ఒక ఫోటో, పది నిమిషాలు గారడీ. ఆ పది నిమిషాల ముందు నా చేతిని ఇలా చేసిన ప్రమాదం కథ మైకులో చదువుతారు. నేను స్టేజీ ఎక్కేసరికి సభ ఏడుస్తూ ఉంటుంది. ఏడుస్తున్న కళ్లకి ముక్క కనపడదు. ఆ రోజు నేను రాను. ఉగాది కార్యక్రమానికి పిలవండి, కాలేజీ వార్షికోత్సవానికి పిలవండి, మీ అమ్మాయి పెళ్లి రిసెప్షన్‌కి పిలవండి, రెండు చేతుల గారడీవాడికి ఇచ్చే డబ్బే ఇవ్వండి. కరపత్రంలో నా పేరు, దాని కింద "పేక గారడీ" అని వేయండి, ఇంకో మాట వేయొద్దు. టేబుల్ మీద దళసరి గుడ్డ ఒకటి పరిచి ఉంచండి. పేక కట్ట మీరే కొని, సీలు విప్పకుండా తీసుకురండి. కలిపేది మీరే, కట్ చేసేది మీరే. తెలివైనవాణ్ణి, దేన్నీ నమ్మనివాణ్ణి ఒకణ్ణి ముందు వరసలో నాకు ఎదురుగా కూర్చోబెట్టండి.